ఎర్ర పట్టీ

రాత్రంతా వాన. తెల్లవారుజామున
మీనంబాక్కం రన్‌వే మీద ఉసిళ్ళు లేచాయి.
ఉసిళ్ళ కోసం గద్దలొచ్చాయి.
గద్దల్ని తోలడానికి ఏకాంబరం జీపు వెళ్ళింది.
జీపు లోపలుందని గుర్తుగా
నా ముందు బల్ల మీద ఎర్ర పట్టీ పెట్టాలి.
పెట్టాను.
ఇంతవరకూ విచారణ కాగితాల్లో ఉంది.

లేనిది ఇది.
ఐదూ నలభైకి గాలి మళ్ళింది.
పల్లావరం కొండ వైపు నుంచి వీచేది
సముద్రం వైపు నుంచి మొదలెట్టింది.
బంతిలో కూర్చున్నాక
లేచి ఆ వరసకి పొమ్మన్నట్టు
బారులు తీరిన విమానాలన్నీ
ఈ కొస నుంచి ఆ కొసకి బయల్దేరాయి.
పట్టీలన్నీ మళ్ళీ సర్దాలి.
సర్దుతూ, అడ్డొచ్చిన ఎర్రదాన్ని
ఒక్క క్షణం అనుకుని
పక్కన పెట్టాను.
టీ గ్లాసు పక్కన.

మా మేనమామ గూడూరు కేబిన్‌లో
ముప్ఫై ఏళ్ళు లీవర్లు లాగినవాడు.
టోకెన్ గుండు డ్రైవరు చేతికి అందనిదే
బండి అంగుళం కదలదనేవాడు.
"మతిమరుపు మనిషికే గానీ
ఇనుముకి లేదమ్మే."
నా ఎర్ర పట్టీ ప్లాస్టిక్కు, మామా.
అది తీసినందుకు
ఏ గేటూ పడలేదు, ఏ గంటా మోగలేదు.

ఇక ఆ మాట.
షిఫ్టుకి వంద సార్లు అనేది,
నాలుక మీద అరిగిపోయి నున్నబడ్డది.
గాలి ఎటునుంచో చెప్పాను, ఎంతో చెప్పాను,
క్లియర్డ్ ఫర్ టేకాఫ్ అన్నాను.
పైలట్ పొల్లుపోకుండా తిరిగి చెప్పాడు.
తప్పు మాటకి కూడా
అంత చక్కటి బదులు వస్తుందని
శిక్షణలో ఎవరూ చెప్పలేదు.

కాలు జారితే తీసుకోవచ్చు,
నోరు జారితే తీసుకోలేమంటారు.
నేను తీసుకున్నాను.
ఇరవై మూడు సెకన్లకి.

ఆ ఇరవై మూడులో ఏం జరిగిందని
నలుగురు పెద్దమనుషులు నాలుగు రకాలుగా అడిగారు.
గొంతు ఆరిపోయింది సార్.
టీ కోసం చెయ్యి చాపాను.
వేలికి ప్లాస్టిక్కు తగిలింది.
తల తిప్పితే అద్దం అవతల, చాలా దూరంలో,
తడి తారు మీద
పసుపు లైటు గిర్రున తిరుగుతోంది.
దేవుడనేవాళ్ళు దేవుడనుకోండి.
నాకైతే అది చల్లారిన అల్లం టీ.

స్టాప్ అన్నాను. మళ్ళీ స్టాప్ అన్నాను.
విమానం రెక్కల కింద
నీళ్ళు గోడల్లా లేచాయి.
నూట డెబ్భై ఆరు నుదుళ్ళు
ముందు సీట్ల వైపు ఒకేసారి వంగి ఉంటాయి.
మిగిలిన ఎడం ఎనిమిదొందల మీటర్లని ఒక కాగితం,
ఏడొందల అరవై అని ఇంకోటి.
"రొంబ దూరం మేడం, నాకేం భయం లేదు"
అన్నాడు ఏకాంబరం.
అంటూనే జీపు తాళంచెవి
మూడుసార్లు కింద పడేసుకున్నాడు.

టేపు వినిపించారు.
నేను బెదిరింది తప్పుకి కాదు, నా గొంతుకి.
ఎంత నింపాదిగా ఉందో!
పప్పులో ఉప్పు సరిపోయిందా అన్నట్టు
అంతమందిని ఒక జీపు మీదికి పంపింది.
తప్పు చేసే గొంతు వణుకుతుందనుకున్నాను ఇన్నాళ్ళూ.
వణికింది రెండో మాటకి.
సరైన మాటకి.

ఇప్పుడు మైకు నాకివ్వరు.
తిరుసూలం స్టేషన్‌లో లోకల్ కోసం నిలబడితే
ఒక్కోటీ నెత్తి మీదుగా లేచిపోతుంది.
ఎవరు పంపారో గొంతుని బట్టి తెలిసేది,
కింద నుంచి తెలీదు. ఒట్టి చప్పుడు.
పక్కన మల్లెపూలు కట్టే ఆవిడ
తలెత్తి కూడా చూడదు.
ఆ చూడకపోవడం
మేం చేసిపెట్టిన పనే.

నిన్న రాత్రి మళ్ళీ వాన.
వంటింటి ట్యూబ్‌లైటు చుట్టూ ఉసిళ్ళు.
స్విచ్ మీదికి వెళ్ళిన చెయ్యి ఆగింది.
గది నాలుగు మూలలూ చూశాను,
లోపల ఎవరైనా ఉన్నారేమోనని.