అస్తరు

రాణిగంజ్ మూడో సందుల, షట్టర్ సగమే లేపిన దుకాణం.
సేటు గల్లా మీద నాలుగు ముక్కలు పరిచిండు.
నేను కండ్లతోటి చూడలే, వేళ్లతోటి చూసిన.
పైగుడ్డకు కండ్లు సాలు.
అస్తరును అడగాలంటే వేళ్లే.
బోరబండల ఇరవై రెండేండ్ల సంది మిషన్ తొక్కుతున్న,
గీ మాత్రం నాకెవరు జెప్పాలె?

నల్లది తారు కాగితం.
"రేకు కింద ఎండకు కరుగుతది, వాసనొస్తది" అన్నడు సేటు.
అమ్మెటోడే నిజం జెప్తే కొనెటోళ్లకు ఇంకింత అనుమానం.
నీలిది తాడిపత్రి. చవక.
నీళ్లను రానియ్యదు,
పోనియ్యదు గూడ.
వెండిది బుడగల కాగితం, ఎండను ఎనుకకు కొడ్తదంట;
ఒక బుడగను బొటనవేలితోటి టప్పుమనిపిచ్చిన,
సేటు చూడనట్టే ఉన్నడు.
నాలుగోది తెల్లది. గుడ్డ తీరు గరుకు.
దాని ధర జెప్పేటప్పుడు ఆయన గొంతు సన్నగైంది.

వానను ఆపుడు ఒక్కటే కాదు సేటూ నాకు కావాల్సింది.

పోయిన చలికాలం, మబ్బు తునక లేని తెల్లారగట్ల
రేకు కారింది.
హ్యాంగరుకున్న పచ్చపట్టు జాకెట్ తడిసి,
లోపటి ఎర్ర అస్తరు రంగు దిగి,
మగ్గం పూలన్నీ దెబ్బ తాకినట్టు కమిలినయ్.
రెండువేల మూడొందలు కట్టిచ్చిన.
ఎట్టయ్య మేస్త్రి మూడుసార్లు ఎక్కి
ఒక్కో స్క్రూకు లప్పం పెట్టి దిగిండు.
నాలుగోసారి నేనే స్టూలెక్కి రేకుకు వేలు రాసి చూసిన.
అది వాన కాదు.
రాత్రంత మేం ఇడిసిన ఊపిరి.
నాది, మా చెల్లె ఇద్దరు పోరగాండ్లది,
ఇస్త్రీపెట్టె ఆవిరి, అన్నం గంజి పొగ,
బయటికి పోను తొవ్వ లేక
మా మీదికే మళ్లొచ్చినయ్.

సేటు చాయ్ తెప్పిచ్చిండు.
పొగలు గక్కే కప్పు మీద తెల్లముక్క కప్పిన,
దాని మీద చల్లటి స్టీలు గ్లాసు బోర్లిచ్చిన.
"చాయ్ సల్లారుతదమ్మా"
సల్లారనీ.
గ్లాసు లోపట మసక గట్టింది.
గ్లాసు తీసి, ముక్కను నడుమ గుంట జేసి
సీసాల నీళ్లు పోసిన. పూసల లెక్క నిలవడ్డయ్.
చాయ్‌ల ఒక్క సుక్క పడలే.
ముప్పై ఏండ్ల సంది ఇవే అమ్ముతున్న మనిషి
అద్దాలు తుడుసుకొని మళ్ల చూసిండు.

ఎట్టయ్యకు మాత్రం నచ్చలే.
"పైసలు ఎందుకు పారవోస్తవక్కా,
లీడరు పుట్టినరోజు ఫ్లెక్సీలు కట్టలకు కట్టలున్నయ్, తెచ్చి పరుస్త"
రాత్రంత ఒకడు దండం పెట్టుకుంట మీదికెల్లి నవ్వుతుంటే
నేను చీరెట్ల మార్చుకోవాలె?
ఆఖరికి స్నానాల గదికి ఫ్లెక్సీయే ఏసినం,
తెల్లది అందాకనే సాలింది.
మొకం రేకు దిక్కు తిప్పి.

పడమటి గోడ గూడ రేకే. ముందు దానికి చుట్టినం.
కప్పుకు మీదికెల్లి మొదలువెట్టవోతే చెయ్యి పట్టి ఆపిన.
కింది అంచు నుంచి రా ఎట్టయ్యా,
పై వరుస కిందిదాని మీదికి జానెడు ఎక్కాలె,
నీళ్లకు సదువు రాదు గని సందులు మస్తు ఎర్క.
బిగ్గర గుంజకు.
అస్తరు ఎప్పుడైనా పైగుడ్డ కంటే రవ్వంత వదులుండాలె.

రేకులు మళ్ల బిగిచ్చినంక
అంతకుముందు ఎట్లుండెనో అట్లనే ఉన్నది ఇల్లు.
వాన చప్పుడు గూడ అదే.
తెల్లారి లేచి హ్యాంగర్ల కింద బండలు తడిమి చూస్త,
ఇప్పటికీ, అలవాటు పోలే.

మొన్న కొలతలియ్యనీకి వచ్చినామె
మెట్ల మీదనే ఆగి, పైకి చూసి,
"ఇంకా రేకులేనా?" అన్నది.
రేకులే.
టేపు ఆమె భుజం మీద పెట్టి అడిగిన,
అస్తరు ఏం రంగెయ్యాలె?

"ఏదో ఒకటెయ్యి,
లోపటిదే గదా."