గంటల లెక్క

"పాడవలేదు, పనిచేస్తోంది. అదే గొడవ"
అంది త్సియాలా,
బాదం బస్తాలు మోసే తోపుడుబండి మీంచి
టీవీని నా బల్ల మీదికి దింపిస్తూ.
మొగుడు అవ్తాందిల్ లోపలికి రాలేదు.
గుమ్మం బయట, రియోని నది తడిగాలిలో
ఆరిపోయిన సిగరెట్టునే పీలుస్తున్నాడు.

ప్లగ్గు పెట్టాను.
వార్తలు చదివే అమ్మాయి నుదుటి మీద
తెల్లటి అంకెలు, నడుమ అక్షరాలు.
సౌండు పెంచితే బొమ్మ ఎడమకి జరుగుతుంది.
ఛానెల్ మారిస్తే పిల్ల మొహం దోసకాయ రంగుకి తిరుగుతుంది.
ఎంత నొక్కినా మామూలు లోకంలోకి రాదు.

సర్వీస్ మోడ్ ఇది, అన్నాను.
కంపెనీ మాలాంటివాళ్ల కోసం ఉంచిన పెరటి తలుపు.
ఎవరో తీశారు. గడియ వెయ్యడం రాలేదు.

వెనక మూత విప్పితే
ఇరవయ్యేళ్ల దుమ్ము, ఎండిన సాలీడు,
బోర్డు మీద కలవకూడని రెండు చుక్కల మధ్య
చిక్కుడుగింజంత సీసం ముద్ద.
ఫ్యాక్టరీ టంకం కాదు.
వంటింటి పొయ్యి మీద ఇనప ఊచ కాల్చి
ఊపిరి బిగబట్టి పెట్టిన టంకం.
బయట దగ్గు వినిపించింది.

"బొమ్మ ఓ పక్క తెగిపోయేది, సరిచేద్దామని..."
అన్నాడు గుమ్మంతో. నాతో కాదు, ఆమెతోనూ కాదు.

త్సియాలా సంచిలోంచి క్యాలెండర్ కాగితం తీసి పరిచింది.
"మరి ఇదేమిటో అడుగు, నుగ్జార్. రోజూ రాత్రి రాస్తాడు.
నార్దీ పందెం బాకీలేమో అనుకున్నా.
మతి పోతోందేమో అనుకున్నా."
7ఏ2డి. 7ఏ31. 7ఏ3సి.

అవి ఈ టీవీ వెలిగిన గంటలమ్మా.
పదహార్ల లెక్క. తొమ్మిది దాటాక అక్షరాలొస్తాయి.
ఇక్కణ్ణించి ఇక్కడికి నాలుగు గంటలు.
ఇక్కడ మాత్రం, చూడు, పదకొండు.

ఆ తారీఖు మీద వేలు పెట్టింది. తియ్యలేదు.
"ఆ రాత్రి నేను బతూమీలో, మా చెల్లెలింట్లో.
తొమ్మిదికే పడుకున్నానన్నావు."
సిగరెట్టు మళ్లీ వెలిగించబోయి
అగ్గిపుల్ల విరిచాడు అవ్తాందిల్.

ముద్దని కరిగించి పీల్చేశాను.
ఓ చిన్న పొగ, కాలిన జిగురు వాసన.
అంకెలు పోయాయి.
పిల్ల నుదురు శుభ్రంగా ఉంది, కొంచెం బోసిగా.

అప్పుడొచ్చాడు లోపలికి.
"ఇక ఎంతయిందో తెలిసేదెలా?"
"లోపల లెక్కపెడుతూనే ఉంటుంది.
పైకి చెప్పదు, అంతే."

ఆమె డబ్బు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చింది.
కాగితం మాత్రం నాలుగు మడతలు పెట్టి
తన కోటు జేబులోనే దాచుకుంది.

వంతెన మీద బండిని ఎవరు ఏ పక్క పట్టాలో
తగువులాడుకుంటూ పోయారు ఇద్దరూ.
మంచులో మనుషులు ముందే కలిసిపోయారు,
టీవీ వీపు ఇంకాసేపు కనబడింది.

ఆ మూతకి ఆరు స్క్రూలు.
ఐదే బిగించాను.
ఆరోది ఇంకా నా బల్ల మీదే ఉంది.