రెండువందల పద్నాలుగో పాయింటు

న్యూటన్ స్టూవర్ట్ దాటాక
సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి.
ఒక వంపు, ఒక గొర్రెల కంచె,
ఆపైన నేనూ, నడుముకి కట్టుకున్న టాబ్లెట్టూ,
నలభై ఏళ్ల స్ప్రూస్ చీకటీ.

అనుమతి పత్రం నాకు నోటికొచ్చు.
పన్నెండు హెక్టార్ల నరుకుడు.
వాగుకి అటూ ఇటూ ఇరవై మీటర్లు ముట్టరాదు,
ఎర్ర ఉడుత గూడున్న చెట్టు ముట్టరాదు,
పాత రాతిగోడ కూలరాదు.
ఈ 'రాదు'లన్నీ తెరమీద గళ్లుగా కూర్చున్నాయి,
హాజరు పిలిస్తే పలకడానికి.

కాగితమైతే తడుస్తుంది, ఇది తడవదు
అని ఐస్లా నాకు దీన్ని అప్పగించింది.
నిజమే. తడిసేదాన్ని నేనొక్కదాన్నే.

గోడ ఉంది. టిక్కు.
గూడుంది, ఉడుత లేదు. రెండింటికీ ఒకటే గడి.
నేల తడి ఎంత అంటే
జాబితాలో మూడే రకాలు;
బూటులోకి దిగేది నాలుగోది.

రెండువందల పద్నాలుగో పాయింటు దగ్గర
మొదట చెవికి తగిలింది.
పటంలో ఇక్కడ నీలిగీత లేదు.
నాచు పక్కకి తీస్తే
నా బూటు వెడల్పున, ఎవరికీ చెప్పకుండా
పోతోంది.

నీటి ప్రవాహమా? అవును, కాదు.
తెర అడుగుతుంది, ఇంటికెళ్లే తొందర లేని గుమాస్తాలాగ.

అవునంటే గులాబీ రిబ్బన్లు,
నిలబడిపోయే మూడొందల చెట్లు,
సోమవారం నరుకుడు యంత్రం ఎక్కాల్సిన
ఫెర్గస్ మెక్‌మీకన్‌కి రెండు రోజుల కూలీ కోత.
పోయిన నెల నా వ్యాను బురదలో దిగబడితే
ఒక్క మాటా అనకుండా గొలుసు తగిలించి లాగినవాడు.
కాదంటే ఏమీ లేదు.
ఆగస్టులో ఎవరైనా తనిఖీకొస్తే
ఇక్కడ నీరే ఉండకపోవచ్చు.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు మావాళ్లు.
ఇక్కడ నిజం ఎరగాల్సింది సర్వరు.
దానికి సిగ్నల్ కావాలి.

చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని
అవును నొక్కాను.
వెడల్పు పది సెంటీమీటర్లు.
లోతు, నా వేలి మొదటి కణుపు.
ఆ కొలత అది తీసుకోదు, మూడు అని రాశాను.
చప్పుడుకి గడి లేదు.

అక్కణ్నుంచి కొండెక్కేదాకా
ఆ వాగు సర్కారు లెక్కలో నా నడుము దగ్గర తప్ప
ఇంకెక్కడా లేదు.
బ్యాటరీ పదకొండు శాతం.
వాగుని మోస్తున్నప్పుడు నడక మారిపోతుంది.
ప్రతి రాయినీ అడిగి అడుగేశాను.

పైన, గాలి టోపీ లాక్కునే చోట,
ఒక గీత వెలిగింది. పోయింది. మళ్లీ వెలిగింది.
చక్రం తిరిగి తిరిగి ఆగింది:
'ఈ రికార్డుని మరొకరు ఇప్పటికే మార్చారు.
దేన్ని ఉంచాలి?'

మంగళవారం, సాయంత్రం నాలుగూ నలభై.
ఎఫ్. మెక్‌మీకన్.
నీటి ప్రవాహమా? అవును.
వెడల్పు ఖాళీ. లోతు ఖాళీ.
రిమార్కుల గడిలో, ఫుల్‌స్టాపు కూడా పెట్టకుండా,
దారి చూసుకోడానికి వచ్చా నీళ్లున్నాయి ఇంజను ఆపి విన్నా

మూడు రోజులుగా అది ఇక్కడ
సర్వర్లో పారుతూనే ఉందన్నమాట,
నేను నాచు మీద కూర్చుని
ఆయన కూలీ లెక్కలు వేస్తున్నప్పుడు కూడా.

రెండూ ఉంచడానికి బటన్ లేదు.
నా సెంటీమీటర్లు వదిలేశాను.

రేపు డంఫ్రీస్ నుంచి ఐస్లా ఫోన్ చేస్తుంది,
కొలతలేవి అని.
మళ్లీ దిగాలి.
టేపు తెచ్చుకోవాలి,
పొడి మేజోళ్లు కూడా.