తారీఖు గడి

పెట్టె అడుగున, నాఫ్తలిన్ ఉండల మధ్య
మా అమ్మ దాచిన తెల్ల గౌను.
నేనేసుకున్నదే, నా వెనక చెల్లెలేసుకున్నదే.
మెడ దగ్గర లేసు పసుపెక్కింది.
"రెండో ఆదివారమని అయ్యగారికి చెప్పినా"
అనింది అమ్మ, చాటలో బియ్యం చెరుగుతా,
తలెత్తకుండా.

ఆ మాట కర్నూలుదాకా వినపడినట్టు
మర్నాడే బస్సు దిగింది మా అత్త దెబోరమ్మ.
సంచిలో బైబిలు, పైన మునగాకు.
చెప్పులిడవక ముందే అడిగింది:
"పాలు తాగే బిడ్డకు మారుమనస్సు ఎట్లొస్తాది అల్లుడా?
ఏం తప్పు చేసినానని ఒప్పుకుంటాది?"

"టీకా ఏయించేటప్పుడు అడిగినామా దాన్ని?" అమ్మ.
"టీకాకు మచ్చన్నా మిగుల్తాది వదినా.
మూడు చుక్కలు, కొంగుతో తుడిస్తే పాయె."
"ఓహో, బిందెలు లెక్కబెట్టుకోని వస్తాడా దేవుడు?"

జమ్మలమడుగులో మాట్లాడుకోవాల్సిన మాటా ఇది!
పెన్న ఇసక కప్పుకోని పండుకోనుంది.
ట్యాంకరు నాలుగు దినాలకొకసారి,
ఇంటికి పది బిందెలు.
అత్తావాళ్ళ సంఘంలో కూడా ఒక ఎండాకాలం
ట్రాక్టరు ట్రాలీలో టార్పాలిన్ పరిచి
ఏడుమందిని ముంచినారంట.
ఎనిమిదో ఆయనది భారీ మనిషి,
ఒక పక్క ముంచితే ఇంకో పక్క తేలినాడంట.
ఇది అత్తే చెప్పింది, నవ్వకుండా.

నేను నాపరాళ్ళ ఫ్యాక్టరీలో పాలిష్ మిషన్ మీదుంటాను.
పొద్దస్తమానం రాయి మీద నీళ్ళు.
నీళ్ళాగితే రాయి కాగిపోతాది.
ఎన్ని నీళ్ళు అని మాత్రం
ఏ రాయీ నన్నడగలేదు.
ఇది ఇంట్లో చెప్పలా.

చెప్పనిది ఇంకోటుంది.
పెండ్లైన ఈ మూడేండ్లు
నెలకోసారి ప్రిస్కిల్లతో కర్నూలు గుడికి పోతే
రొట్టె పళ్ళెం మా వరసలోకొచ్చి
నన్ను దాటుకోని పోతాది.
ముంచని మనిషిని కదా.
మర్యాదగానే దాటుతాది, ఎవరూ ఏమీ అనరు.
ఆ కాసేపు నేను ఫ్యాను రెక్కలు లెక్కపెడతాను.
మూడు.
ప్రతిసారీ మూడే.

మొన్న తబిత ఆమె ఒళ్ళో ఉంది.
చిన్న చిన్న గాజు గ్లాసులు
పళ్ళెంలో గణగణమంటా వచ్చినాయి.
ఎనిమిది నెలల బిడ్డ, మెరిసేదంతా దానిదే.
చేయి చాపింది.
సంఘపెద్ద నవ్వుతా పళ్ళెం పైకెత్తి
ఆ చేతి మీదుగా దాటించి
ప్రిస్కిల్ల ముందర దించినాడు.
బిడ్డ చేయి ఇంకా గాల్లోనే ఉంది.
ప్రిస్కిల్ల దాన్ని చూసింది.
తరవాత, మోకాళ్ళ మీదున్న నా చేతులు చూసింది,
ఎవరో మరిచిపోయిన వస్తువులను చూసినట్టు.
వద్దని తలాడించింది.
వెనక వరసలో అత్త దగ్గు
సగంలో ఆగిపోయింది.

నంద్యాల దాటినా బస్సులో మాట్లేదు.
కోయిలకుంట్ల దగ్గర
"నీకు ప్రతిసారీ ఇట్లనే ఉండిందా?" అనింది.
దుమ్మొస్తాందని నేను కిటికీ అద్దం మూసినాను.
కొంచెంసేపటికి మళ్ళీ తనే:
"అంతమాత్రాన మీయమ్మ గెలిచిందనుకోవద్దు."

అయ్యగారిచ్చిన ఫారం బియ్యం డబ్బాలో ఉంది.
బిడ్డ పేరు రాసినాము,
మా ఇద్దరి పేర్లు రాసినాము,
బాప్తిస్మపు తారీఖు గడి రాయలా.
రెండో ఆదివారం వచ్చిందీ, పోయిందీ.

గౌను చంకల్లో పట్టేసింది.
అమ్మ కండ్లద్దాలు పెట్టుకోని కుట్లు విప్పుతాంది,
అంగుళం వదులు చేస్తే ఏడాదిదాకా వస్తాదని.
అత్త ఎదురుగా కూచోని
సూదికి దారం ఎక్కిస్తాంది:
"ఎంత వదులు చేస్తావు వదినా,
పన్నెండేండ్లదాకా వస్తాదా?"

వీధి మలుపులో ట్యాంకరు హారన్.
గౌను మంచమ్మీద పడేసి
చెరో రెండు బిందెలు అందుకోని
ఇద్దరూ ఒకేసారి వాకిట్లో ఇరుక్కున్నారు.