ఇంటిపేరు గడి

పర్లాకిమిడి ఆఫీసులో మూడో కిటికీ గుమస్తా
ముందు ఒడియాలో అడిగాడు.
నాకు అర్థమైందని తెలిసి కూడా
తెలుగులో మళ్ళీ అడిగాడు:
"వరుడి ఇంటిపేరు?"

లేదండి.

"లేదంటే?"

లేదంటే లేదనే.
ఆయన పేరు యేషి ఛోఫెల్.
వాళ్ళ నాన్న పేరులో యేషీ లేదు, ఛోఫెలూ లేదు.
అక్కది ఇంకో పేరు, తమ్ముడిది మరోటి.
పుట్టగానే లామా దగ్గరికి ఎత్తుకెళ్తే
ఆయన నోటి నుంచి ఏ రెండు మాటలు వస్తే అవే.
ఒకే ఇంట్లో అయిదుగురు,
అయిదు ఊళ్ళ నుంచి వచ్చి
ఒకే బస్సు ఎక్కినట్టుంటారు.

గుమస్తా కంప్యూటర్ ఇటు తిప్పి చూపించాడు.
ఆ గడి నిండకపోతే
కింది గడి తెరుచుకోదట.

నా గడి ఎప్పుడో నిండింది.
గేదెల. గేదెల హైమావతి.
మనవాళ్ళు ఇంటిపేరు ముందు పెడతారు,
గుమ్మం దాటాకే మనిషి కనిపించాలన్నట్టు.
ఈ రాష్ట్రంలో దాన్ని తోకలా వెనక తగిలిస్తారు.
ఎక్కడ తగిలించినా
బళ్ళో హాజరు పిలిచిన ప్రతిసారీ
వెనక బెంచీ తెలుగు గుంటలు ముక్కుతో అరిచేవారు.

ఆయనకి అది చెప్పాను,
చంద్రగిరిలో, మొక్కజొన్న కాటా దగ్గర,
బస్తాలు ఆయన మోస్తుంటే నేను రాసుకుంటూ.
నవ్వలేదు.
"మా తాత జడలబర్రెల్ని కనుమ మీద వదిలేసి వచ్చాడు.
నూటపన్నెండు.
పోయేదాకా లెక్క అప్పజెప్పేవాడు.
అవన్నీ మీ ఇంటికి చేరాయన్నమాట" అన్నాడు.

ఆ మాట మీదే కాబోలు నేను...
సరే, అది ఫారంలో అడగరు.

అమ్మ సామెత పట్టుకొచ్చింది.
"ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అంటారు.
ఇంటిపేరే నేనోళ్ళని ఏటనాలే?"
కస్తూరి వాళ్ళ కొండల్లోదేనమ్మా అన్నాను.
కాసేపు ఊరుకుని
"అయితే వాసనైనా ఉంటాది" అంది.

పెద్దత్త బాధ వేరు.
పెళ్ళయితే ఆడదానికి మారేది ఇంటిపేరే కదా,
అవతల ఏమీ లేకపోతే
పెళ్ళయిందని ఎలా తెలుస్తుంది?

"గేదెల అని రాయండి, నేనే తీసుకుంటాను"
అన్నాడు ఆయన, కిటికీలోకి వంగి.
గుమస్తా తల అడ్డంగా ఊపాడు.
రిజిస్ట్రేషన్ పుస్తకంలో పేరుతో కలవదు.
కలవకపోతే ఆ పుస్తకం ఎవరిది?

ఆ పుస్తకం.
గడువు తీరేలోగా స్టేషన్‌కి మోసుకెళ్ళి
ముద్ర వేయించుకోవలసిన పుస్తకం.
పుట్టిన చోటు దగ్గర మా జిల్లా,
జాతీయత దగ్గర ఆయన ఎన్నడూ చూడని దేశం.
వాళ్ళక్క ఎనభై అయిదులో అదే ఆసుపత్రిలో,
బహుశా అదే మంచం మీద పుట్టింది.
చట్టం ఎనభై ఏడు జూలై ఒకటిన గీత గీసింది.
గీతకి ఆవల పుట్టినామె ఓటు వేస్తుంది.
ఈవల పుట్టినాయన స్కూటర్ మీద ఆమెని బూత్ దగ్గర దింపి
బరా బండి పక్కన నిలబడతాడు.

మరి నన్ను చేసుకుంటే?
"అది ఈ కిటికీ కాదమ్మా.
ఏడేళ్ళు ఇక్కడే ఉన్నట్టు రుజువు కావాలంటారు."
రుజువులా.
మూడు సీజన్ల కాటా చీటీలున్నాయి నా దగ్గర,
ఆయన మోసిన ప్రతి బస్తా కిలోలతో సహా.

హైమావతి అంటే మంచుకొండ కూతురు.
నేను మంచు చూడలేదు.
చేపల బజారులో ఐసు దిమ్మ మీద చెయ్యి పెట్టి
ఇలాగే ఉంటుందా అని అడిగితే
"నాకేం తెలుసు" అన్నాడు మంచుదేశపు మనిషి,
తనూ చెయ్యి పెడుతూ.

చివరికి, భోజనాల వేళ దాటిపోతోందని,
గుమస్తా ఆ గడిలో ఒక చుక్క కొట్టాడు.
గడి ఒప్పుకుంది.

ఇప్పుడు నోటీసు బోర్డు మీద ఉన్నాం.
ముప్పై రోజులు. అభ్యంతరమున్నవాళ్ళు చెప్పవచ్చు.
సోమవారం సోమవారం కాటా మూసి బస్సెక్కి వచ్చి
చుక్క ఉందో లేదో చూసి వెళ్తున్నాను.
మొన్న దాని పక్కన ఒక ఈగ వాలింది.
వెంటనే తోలలేదు.