పదమూడు లేని రాయి

కానిస్టేబుల్ పరీక్ష గైడు
ఉప్పుగాలికి ఉబ్బి అప్పడమైంది.
తాబేళ్ళ కాపలాకి తెల్ల వెలుగు పనికిరాదు,
గుడ్లు పెట్టకుండానే వెనక్కి మళ్ళిపోతాయి.
టార్చికి ఎర్ర కాగితం చుట్టి చదివేవాణ్ణి.
ఆ ఏడాది ప్రపంచమంతా నాకు ఎర్రనే:
ఎర్ర నైలు, ఎర్ర హిమాలయం,
ఎర్ర ఐక్యరాజ్య సమితి.

సూరాడ గురుమూర్తి అడిగేవాడు, నేను చెప్పేవాణ్ణి.
మంగోలియా రాజధాని? ఉలాన్ బాతర్.
పార్సీల గుడిలో ఆరనిది? అగ్గి.
"మా పొయ్యి చూస్తే ఏమంటారో" అన్నాడు వాడు.
ఆ పూట వాళ్ళింట్లో గ్యాసు అయిపోయింది.
కళింగ యుద్ధానికి అశోకుడు ఏడ్చిన శాసనం ఎన్నోది?
పదమూడు.
ఆ మార్కు నాకు వచ్చింది.
ఉద్యోగం రాలేదు.

ఫలితాలు తెలిసిన వారం
బండి వేసుకుని జౌగడ వెళ్ళాను.
మా ఒడ్డున సముద్రంలో కలిసే రుషికుల్య
అక్కడింకా గేదెల వీపులు తోముతోంది.
రేకుల నీడ, ఇనుప కటకటాలు, లోపల రాయి.
జైల్లో చుట్టాన్ని చూడబోయినట్టు నిలబడ్డాను.
అక్షరాలు గాలాల్లా ఉన్నాయి,
ఎర ఎప్పుడో ఎవరో తినేసిన గాలాలు.

పదమూడోది ఎక్కడ అని అడిగాను.
కాపలా ముసలాయన చుట్ట ఆర్పి ఒడియాలో చెప్పాడు:
పది దాకా ఉన్నాయి, పద్నాలుగు ఉంది.
మధ్యలోవి ఈ రాతి మీద చెక్కలేదు బాబూ.

లక్షమంది చచ్చారు,
లక్షన్నర మందిని తోలుకుపోయారు,
అది తలుచుకుంటే గుండె బరువెక్కుతోంది అని
పెషావరు దాటాక రాయించాడు, గిర్నార్‌లో రాయించాడు,
కర్నూలు వైపు ఎర్రగుడి బండల మీదా రాయించాడు.
చచ్చినవాళ్ళ ఊళ్ళో మాత్రం
'మనుషులంతా నా బిడ్డలు' అని చెక్కించి ఊరుకున్నాడు.

ఇంటికొచ్చి ఎర్రమ్మ మామ్మకి చెప్పాను.
వల కన్నం మీంచి చూపు తియ్యకుండా అంది:
"కొట్టినోడు కొట్టిన గుంటడి కాడ ఏడుస్తాడేటి?
పక్కీధిలో ఏడుస్తాడు."

చాలాసేపటికి మళ్ళీ,
దారం పళ్ళతో తెంపుతూ:
"బిడ్డలన్నాడు సరే, బువ్వెట్టినాడా?"
గైడు తిరగేశాను. ఆ ప్రశ్న లేదు.

మా పాత ఊరి బడి గోడ మీద
దేశపటం ఉండేది, రంగులతో వేసింది.
అలలు మొదట కన్యాకుమారిని నాకాయి.
మరుసటి వానలకి మద్రాసు, ఆపైన గోదావరి.
మేమున్న చోటు ఫైలిన్ రాత్రి పోయింది.
కాశ్మీరం ఒక్కటీ ఇంకో రెండేళ్ళు
ఇటుకలకు అంటుకుని నిలిచింది.
కొత్త కాలనీకి పొమ్మని కాగితం ఒడియాలో వస్తే
మామ్మకి తెలుగు చేసి చదివాను.
అందులో సముద్రం పేరుంది, మా అందరి పేర్లున్నాయి,
ఎర్రమ్మ బదులు ఎల్లమ్మ అని పడింది.
ఇంకెవరి పేరూ లేదు.

వలలో తాబేలు పడితే
మామ్మ వల కోస్తుంది, తాబేలుని కొయ్యదు.
కూర్మావతారం కదా అంటే,
"అవతారమో కాదో, నీళ్ళోసుకున్న ఆడది" అంటుంది.
ఇసక మరీ కాగితే పిల్లలన్నీ ఆడవే పుడతాయని
ఫారం నింపించే సారు చెప్పాడు.
ఆ సంగతి మామ్మకి నేనింకా చెప్పలేదు.

మళ్ళీ పరీక్ష కట్టాం.
నిన్న రాత్రి గురుమూర్తి అడిగాడు:
తాబేలు పుట్టిన ఒడ్డుకే ఎలా తిరిగొస్తుంది?
భూమి అయస్కాంతం, అన్నాను.
"ఆ ఒడ్డే లేకపోతే?"
టార్చి ఆర్పేశాం.

అప్పుడే మామ్మ వచ్చింది,
కాలనీ నుంచి రెండు మైళ్ళు, చెప్పుల్లేకుండా.
కొత్త రోడ్డున్నా పాత దారినే వస్తుంది.
మోకాటిలోతు నీళ్ళలో ఆగి, చెయ్యి చాపి,
ఆ నల్లటి అలకేసి చూపించింది:
"ఇక్కడే మా పొయ్యి."