చేప తేని వేట

పోటు రోజుకి రెండు గడియలు వెనక్కి జరుగుతుంది.
చెరువుల మీద నా డ్యూటీ జరగదు.

ఎనిమిది చెరువులు, ముప్పైరెండు ఏరియేటర్లు.
తెల్లవారుజామున మూడింటికి నీళ్ళలో ఊపిరి తగ్గుతుంది.
కరెంటు పోతే జనరేటరు హ్యాండిలు తిప్పాలి
రొయ్య పైకి తేలేలోగా.
ఐదింటికి వీరాస్వామి వస్తాడు.
రిజిస్టరులో సంతకం పెట్టి
సైకిలుకి పలక కట్టుకుని
సరుగుడు తోపులోంచి మొగ వైపు తొక్కుతాను.
ఏడింటికల్లా ఇంట్లో ఉండాలి.
ధనకుమారి ఎక్కే రొయ్యల షెడ్డు వ్యాను
ఏడుంబావుకి.
ఆ తర్వాత జోషిత జడలు నావి.

పోనూ రానూ తీసేస్తే మిగిలింది గంటంబావు.
అందులో కెరటం మీద నిలబడేది
అంతా కూడితే రెండు నిమిషాలుండదు.
మిగతాదంతా ఈదడం, ఉప్పు మింగడం,
గోదారి ఒండ్రుకి టీ రంగు తిరిగిన నీళ్ళలో
కాళ్ళు వేలాడేసి కూర్చుని
నీరు ఎక్కడ వీపు పైకెత్తుతుందా అని చూడటం.

మావయ్య ఏడుకొండలు పడవలకి ఫైబరు అతుకులు వేస్తాడు.
నా పలక పగిలితే అతికిందీ ఆయనే,
ఎవరి బోటుకో కలిపిన జిగురు మిగిలితే, తిట్టుకుంటూ:
"మన ఇళ్ళల్లో సముద్రంలోకెళ్ళి
ఉత్త చేతుల్తో వస్తే వేట పడలేదంటారు.
నువ్వు వేటకే వెళ్ళకుండా ఉత్త చేతుల్తో వస్తావు.
దీన్నేమంటారో మన భాషలో లేదురా."
నాకూ దొరకలేదు మావా.

నిజం చెప్పాలంటే ఆ పలక ఏడువేలు.
విశాఖలో మోకాలు పోయిన ఓ కుర్రాడి దగ్గర కొన్నాను.
ఇంట్లో మూడన్నాను.
తక్కిన నాలుగూ చీటీపాటలో పోయాయన్నాను.
ఆ ఏడాది వానాకాలం కెరటాలన్నీ
కొంచెం అబద్ధం రుచి వేశాయి.

షెడ్డులో రొయ్య తలలు తీసి తీసి
ధనకుమారి వేళ్ళ సందుల్లో ఐసు కోసిన గాట్లు.
నా పక్కటెముకల మీద పలక ఒరిసిన ఎర్రమచ్చలు.
రెంటికీ ఒకటే కొబ్బరినూనె సీసా.
ఆవిడ గాట్లకి కూలి వస్తుంది.
ఈ మాట ఆవిడ ఎప్పుడూ అనలేదు,
సీసా మూత బిగిస్తూ నేనే అనుకున్నాను.

తెల్లమచ్చ పడిన ఏడు
ఎనిమిదిలో ఐదు చెరువులు బ్లీచింగు చల్లి ఎండబెట్టాం.
సగం జీతం. గ్యాసు, ఆటో ఫీజు, చీటీ,
చీటీ కట్టడానికి తెచ్చిన అప్పుకి వడ్డీ.
పలకని నేనే అటకెక్కించాను,
ఎవరూ చెప్పకుండానే.
నలభై రోజులు బుద్ధిమంతుణ్ణి.
నలభై రోజులు పిల్ల జడ గట్టిగా లాగి అల్లాను.
కూరలో ఉప్పు తక్కువన్నాను, మర్నాడు ఎక్కువన్నాను.
వాయుగుండం పట్టి
అంతర్వేది అంతా హోరెత్తిన రాత్రి
గోడకేసి తిరిగి పడుకుని
కెరటానికీ కెరటానికీ మధ్య ఎడం లెక్కపెట్టాను:
పదకొండు. పన్నెండు. పన్నెండు.
పక్కన తనూ మేలుకునే ఉందని నాకు తెలీదు.

గాలి తెరిపిచ్చిన మూడోనాడు
డ్యూటీ దిగి వచ్చేసరికి
పలక గుమ్మానికి జారేసి ఉంది, బూజు దులిపి.
"రాజోలు నుంచి ఒకతను అడిగాడు. నాలుగు వేలిస్తాట్ట."
సరే అన్నాను.
"ఇవ్వనని చెప్పేశాను. ఏడింటికల్లా రా."

చాన్నాళ్ళ తర్వాత, గ్యాసు కార్డు కోసం వెతుకుతూ
ఆవిడ లెక్కల పుస్తకం తెరిచాను.
మూడేళ్ళ కిందటి పేజీ. పాలు, పుస్తకాలు, కిరాణా.
అడుగున పెన్సిలుతో: పలక, ఏడువేలు.
మూడు కాదు.
రాసింది 'మందులు' అన్న పద్దు కింద.

ఇవాళ పోటు ఆరూ నలభైకి.
ఆరున్నరకే నేను గట్టెక్కాలి.
రేపు ఇంకా ఆలస్యం, ఎల్లుండి ఇంకా.
అది తిరిగి నా గంటలోకి రావడానికి
పన్నెండు రోజులు.
ఈలోగా కరెంటు బిల్లుంది.